సామర్లకోటలో రైలెక్కిన రుచి

ఒకప్పుడు పనసపొట్టు కూర తినాలంటే గోదావరి జిల్లాల నుంచి పెళ్లి పిలుపైనా రావాలి, సెలవులకి అమ్మమ్మగారి ఊరైనా వెళ్లాలి. ఇప్పుడు హైదరాబాద్‌లో ఆదివారం మధ్యాహ్నం హోటల్ ముందు పేరు రాయించుకుని కాసేపు నిలబడితే చాలు... అదే విస్తట్లోకి వచ్చి వాలుతుంది. ఇంతకీ గోదారి వంట మహానగరానికి ఎలా వచ్చింది? వస్తూ వస్తూ ఏం తెచ్చుకుంది, ఏం దారిలో వదిలేసింది?

కాకినాడ పెద్ద ఊరే. ఓడరేవు ఉంది, జిల్లా కేంద్రం హోదా ఉంది. కానీ హౌరా-చెన్నై ప్రధాన రైలు మార్గం మాత్రం ఆ ఊరిని పక్కన పెట్టి సామర్లకోట మీదుగా సాగిపోతుంది. మధ్య దూరం పట్టుమని పదిహేను కిలోమీటర్లు కూడా ఉండదు. అందుకే కాకినాడ, పెద్దాపురం, ఆ చుట్టుపక్కల పల్లెల వాళ్లకి బయటి ప్రపంచానికి గుమ్మం సామర్లకోట జంక్షనే. కార్తిక మాసంలో పంచారామాల యాత్రికులు కుమారారామ భీమేశ్వరుడి దర్శనానికి ఇక్కడ దిగుతారు. చదువులకీ ఉద్యోగాలకీ వెళ్లే పిల్లలు ఇక్కడ ఎక్కుతారు.

వాళ్లు ఒట్టి చేతుల్తో ఎక్కరు. మూతికి గుడ్డ కట్టిన ఆవకాయ జాడీ, గుమ్మడి వడియాల డబ్బా, అప్పడాలు, కాజాల పొట్లం, చోటుంటే ఓ బియ్యం బస్తా. 1974 ఫిబ్రవరి 1న పట్టాలెక్కిన గోదావరి ఎక్స్‌ప్రెస్, కాకినాడ నుంచి సామర్లకోట మీదుగా వెళ్లే గౌతమి ఎక్స్‌ప్రెస్... ఈ రెండు రైళ్లూ మోసినంత ఆవకాయ బహుశా మరే రైలూ మోసి ఉండదు! సాయంత్రమో రాత్రో ఎక్కితే తెల్లారేసరికి భాగ్యనగరం. జాడీ ఖాళీ అయ్యాక మాత్రం మళ్లీ సెలవులొచ్చేదాకా ఎదురుచూపులే. ఆ ఎదురుచూపుల్లోంచే నగరంలో ఓ వ్యాపారం పుట్టింది.

అన్నం అమ్ముకోవడమా!

నిజానికి గోదావరి జిల్లాల్లో భోజనం పెట్టి డబ్బు తీసుకోవడం గొప్పగా చెప్పుకునే పనేమీ కాదు. 1852 నాటికి సర్ ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పూర్తిచేశాక డెల్టా పచ్చబడింది. వరి పండింది. గింజలకి లోటు లేని చోట అతిథికి అన్నం పెట్టడం ఇంటి పరువుకి సంబంధించిన విషయమైంది. కోనసీమలోని లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ (1841-1909) వేళాపాళా చూడకుండా వచ్చిన వాళ్లందరికీ అన్నం పెట్టి, అన్నపూర్ణ అనిపించుకుంది. ఆవిడ పోయిన నూట పదిహేనేళ్లకి, 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బడి పిల్లల మధ్యాహ్న భోజన పథకానికి ఆవిడ పేరే పెట్టింది.

మరి ఊరు కాని ఊరిలో, చుట్టాలు లేని చోట ఆకలేస్తే? దానికి పూటకూళ్లు ఉండేవి. పూటకి ఇంత అని ఇచ్చి ఇంటి భోజనం తినడం. గురజాడ అప్పారావు 'కన్యాశుల్కం' తొలిసారి 1892లో ప్రదర్శితమైంది. అందులో పూటకూళ్లమ్మ ఓ ముఖ్యపాత్ర అంటే అప్పటికే ఆ బతుకుతెరువు ఎంత మామూలో తెలుస్తుంది. భర్త పోయి, ఆస్తిపాస్తులు లేని ఆడవాళ్లకి చేతిలో ఉన్న ఏకైక విద్య వంటే. దాన్నే నమ్ముకుని ఇల్లు గడుపుకున్నారు. లోకం మాత్రం వాళ్ల వంట తింటూనే వాళ్లని చిన్నచూపు చూసింది.

తరవాత కాఫీ హోటళ్లొచ్చాయి. వాటి పక్కనే భోజన హోటళ్లు లేచాయి. పూటకూళ్లింటి వంట బల్లల మీదికి ఎక్కింది, గల్లాపెట్టె దగ్గరికి మగవాళ్లు వచ్చి కూర్చున్నారు. పేరు మారింది, మర్యాదా పెరిగింది!

బుట్టలో బంతి భోజనం

ఆ తరం హోటళ్లలో ఇవాళ్టికీ పేరు నిలబెట్టుకున్నది కాకినాడలోని శ్రీకృష్ణ విలాస్. ఆ పేరు చెబితే చాలామందికి తెలియకపోవచ్చు. 'సుబ్బయ్య గారి హోటల్' అంటే మాత్రం రిక్షా అబ్బాయి దగ్గర్నుంచి కలెక్టరాఫీసు గుమాస్తా దాకా దారి చెప్పేస్తారు. హోటల్ పెట్టిన మనిషి పేరే హోటల్ పేరైపోవడం, దానికి 'గారు' కూడా కలవడం అరుదైన గౌరవం. కాకినాడకి పని మీద వచ్చిన వాళ్లు రైలు టైము చూసుకుని మరీ అక్కడ భోంచేసి, ఆ తరవాతే సామర్లకోట దారి పట్టడం తరాలుగా ఉన్న అలవాటు.

అక్కడి విశేషం వంటకాల లెక్క ఒక్కటే కాదు. అరిటాకు, ముద్దపప్పు, నెయ్యి, కూరలు, పచ్చళ్లు, పొడులు, పులుసు, పెరుగు, ఓ తీపి... వీటన్నిటికీ మించి మారు వడ్డన. ఆకు ఖాళీ అవుతుందనగా పక్కకొచ్చి, 'ఆయ్, ఇంకాస్త వేయించుకోండి' అని బతిమాలే పద్ధతి. పెళ్లిలో బంతి మీద జరిగే మర్యాద డబ్బిచ్చి తినే చోట కూడా దొరకడమే ఆ భోజనానికి అంత పేరు తెచ్చింది.

కూర్చుని తినే తీరిక లేనివాళ్ల కోసం వచ్చిందే బుట్ట భోజనం. ఇంటిల్లిపాదికీ సరిపడా అన్నం, కూరలు, పులుసులు, పచ్చళ్లు, ఆకులతో సహా బుట్టలో సర్ది చేతికిస్తారు. 2014లో బెంగళూరులో స్విగ్గీ పుట్టి ఇంటికే భోజనం పంపడం పెద్ద విప్లవం అనుకున్నాం కానీ, కాకినాడ వాళ్లు బుట్ట పట్టుకుని రైలెక్కడం అంతకు చాలాముందు నుంచే ఉంది. ఆ బుట్టే తరవాత హైదరాబాద్, విశాఖపట్నం, విజయవాడ దాకా వెళ్లింది. అదే పేరుతో ఆ నగరాల్లోనూ హోటళ్లు వెలిశాయి.

మెస్సు నుంచి ఏసీ హాలు దాకా

హైదరాబాద్‌కి కోస్తా భోజనం తొలిసారి పెద్ద ఎత్తున వచ్చింది ఫైళ్లతో పాటు. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడి రాజధాని కర్నూలు నుంచి హైదరాబాద్‌కి మారింది. ప్రభుత్వ ఉద్యోగులు తరలివచ్చారు. బిర్యానీ, ఇరానీ చాయ్‌లకి పేరుపడ్డ ఊళ్లో పప్పు, పచ్చడి, పెరుగన్నం కోసం మెస్సులు మొదలయ్యాయి. మెస్సంటే రెండు గదులు, నాలుగు బల్లలు, నెలవారీ టికెట్ల పుస్తకం. రుచి ఎలా ఉన్నా అది ఆకలి తీర్చే చోటే కానీ సరదాకి వెళ్లే చోటు కాదు.

రెండో అల కంప్యూటర్ చదువులతో వచ్చింది. 1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. అమీర్‌పేట మైత్రీవనం చుట్టూ కోచింగ్ సెంటర్లు, వాటి చుట్టూ హాస్టళ్లు, వాటి సందుల్లో కర్రీ పాయింట్లు పుట్టుకొచ్చాయి. గదిలో కుక్కర్ పెట్టుకుంటే అన్నం ఉడుకుతుంది. కూర, పప్పు, సాంబారు ప్లాస్టిక్ కవర్లలో కట్టించుకొస్తే సరి. బ్రహ్మచారుల కోసం మొదలైన ఈ ఏర్పాటు చూస్తుండగానే సంసారుల ఇళ్లలోకీ వచ్చేసింది. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలు చేసే ఇళ్లలో సాయంత్రం వంట అంటే చాలాసార్లు అన్నం వార్చడం వరకే.

ఆ కుర్రాళ్లే పెద్దవాళ్లయ్యారు. జీతాలు పెరిగాయి, పిల్లలు పుట్టారు, కార్లు కొన్నారు. కొండాపూర్, కూకట్‌పల్లి, మాదాపూర్ వైపు స్థిరపడ్డారు. గౌతమి ఎక్స్‌ప్రెస్‌ను కూడా తరవాతి కాలంలో లింగంపల్లి దాకా పొడిగించారంటే, ఆ బోగీల్లో దిగేవాళ్ల ఇళ్లు ఎటు జరిగాయో రైల్వే వాళ్లకి తెలిసిపోయిందన్నమాట! ఆదివారం బయట తినాలనుకున్న ఈ కుటుంబాలకి నూడుల్స్, పిజ్జాల మోజు కొంత తీరాక గుర్తొచ్చింది అమ్మ వంటే. 'గోదావరి', 'రాజు గారు', 'కోనసీమ', 'ఉలవచారు' అంటూ బోర్డులు వెలిశాయి. గోడల మీద కొబ్బరిచెట్ల బొమ్మలు, గుమ్మంలో ఎడ్లబండి చక్రం, బల్ల మీద రాగి చెంబు... ఊరిని హోటల్లోకి తెచ్చిపెట్టారు. 2014లో రాష్ట్రాలు రెండైనా ఈ హోటళ్ల ముందు వరస తగ్గలేదు. గుత్తివంకాయకి సరిహద్దులేముంటాయి! 2019లో యునెస్కో ఆహార విభాగంలో సృజనాత్మక నగరంగా హైదరాబాద్‌ను గుర్తించింది. బిర్యానీ, హలీం వల్ల వచ్చిన పేరే అది. కానీ ఆ నగరం పళ్లెంలో ముద్దపప్పుకీ ఓ మూల చోటుంది.

ఈ రుచి హైదరాబాద్‌తోనూ ఆగలేదు. ఢిల్లీలో ఆంధ్రాభవన్ క్యాంటీన్ ముందు తెలుగు ఒక్క ముక్క రానివాళ్లు కూడా వరసలో నిలబడతారు. అమెరికాలో తెలుగువాళ్లున్న ఊళ్లలో ఏకంగా 'గోదావరి' అన్న పేరుతోనే రెస్టారెంట్లు నడుస్తున్నాయి.

పెళ్లివంట మెనూ కార్డెక్కింది

నగరంలో గోదావరి హోటల్ పెట్టిన ఎవరికైనా మొదటి పరీక్ష పనసపొట్టే. పచ్చి పనసకాయని పొట్టుగా కొట్టడం మామూలు విద్య కాదు. జిగురు అంటకుండా చేతులకీ కత్తికీ నూనె రాసుకోవాలి. పెచ్చు తీసి, లోపలి భాగాన్ని కత్తితో టకటకా కొడుతూ సన్నగా పొట్టు రాల్చాలి. ఉప్పు, పసుపు వేసి ఉడికించి, నీళ్లు పిండేసి, చింతపండు పులుసు కలిపి ఘాటుగా తాలింపు పెట్టాలి. అన్నీ అయి, కూర చల్లారాక ఆవ కలపాలి. ఆవ వేడిమీద పడితే చేదెక్కుతుంది. కలిపిన వెంటనే తిన్నా అంత బాగుండదు, కొన్ని గంటలు ఊరాలి. పెళ్లిళ్లలో ఈ కూర వేళకి ముందే సిద్ధమయ్యేది అందుకే.

ఇప్పుడు హోటల్ లెక్క చూడండి. ఆర్డరిచ్చిన పావుగంటలో బల్ల మీద ఉండాలి. కాయ కొట్టడం వచ్చిన మనిషి జీతం ఎక్కువ. ఆవ ఘాటు నగరంలో పుట్టిన పిల్లలకి పడదు. దాంతో కొన్నిచోట్ల ఆవ తగ్గి జీడిపప్పు పెరిగింది. పనసకాయ దొరకని నెలల్లో నిల్వ పెట్టిన పొట్టు వాడకం మొదలైంది. కంద బచ్చలికీ ఇదే కష్టం. దప్పళంలో ముక్కలు తగ్గి సాంబారు పోలికలొచ్చాయి. పులిహోర మాత్రం ఎక్కడా చెడలేదు, దానికి ప్రయాణం అలవాటే!

అన్నం సంగతీ అంతే. 'గోదావరి భోజనం' అన్న బోర్డు కింద సన్నగా, తెల్లగా వడ్డించే అన్నం చాలాసార్లు సాంబమసూరి. ఆ బీపీటీ 5204 రకం పుట్టింది బాపట్ల పరిశోధన కేంద్రంలో. పశ్చిమ గోదావరిలోని మారుటేరు కేంద్రం ఇచ్చిన స్వర్ణ రకం (ఎంటీయూ 7029) దేశంలో ఎన్నో రాష్ట్రాల్లో లక్షల ఎకరాల్లో పండినా, నగరం హోటల్ విస్తట్లో మాత్రం అది కనిపించేది తక్కువ.

'ఎంత వండినా ఆ రుచి రాదండీ, అది గోదారి నీళ్ల మహత్యం' అంటారు పెద్దవాళ్లు. ఆ ముచ్చటా తీరింది. ఎల్లంపల్లి నుంచి గోదావరి నీళ్లు 2015 చివర్లోనే హైదరాబాద్ కుళాయిల్లోకి వచ్చేశాయి! అయినా రుచి ఊరిలో లాగా లేదంటే లోటు నీళ్లలో కాదు, తీరికలో ఉందనుకోవాలి.

పులస... పేరొక్కటే!

మాంసాహారుల విషయానికొస్తే గోదారి పేరు చెప్పి అమ్మేవాటిలో పులసదే అగ్రస్థానం. పుస్తెలమ్మైనా పులస తినాలన్న సామెత తెలియని తెలుగువాడుండడు. వానాకాలంలో గోదారికి ఎర్రనీరు తగిలాక, గుడ్లు పెట్టడానికి సముద్రంలోని ఇలస చేప ఏటికి ఎదురీదుతుంది. మంచినీటిలో ఈదే కొద్దీ ఉప్పదనం పోయి, కొవ్వు కరిగి, రుచి మారుతుంది. అప్పుడే దాని పేరు పులస. జులై నుంచి ఓ రెండు మూడు నెలలే దాని కాలం. ధవళేశ్వరం ఆనకట్ట దాటి పైకి పోలేదు కాబట్టి ఉన్నంతా ఆ దిగువ పాయల్లోనే.

ఏటేటా వలకి చిక్కేది తగ్గిపోతోంది. యానాం రేవులో మంచి పులస ఒక్కటి పడితే వేలంపాటలో వేల రూపాయలు పలికి వార్తల్లోకెక్కుతోంది. ఏట్లో దొరికేదే అంత తక్కువైతే నగరంలో ఏడాది పొడవునా పులస పులుసు ఎక్కణ్నుంచి వస్తుంది? ఒడిశా, బెంగాల్ తీరాల నుంచి వచ్చే ఇలసే చాలాచోట్ల పులస పేరుతో చలామణీ అవుతోంది. ఇలస చెడ్డ చేపేమీ కాదు. బెంగాలీలు ప్రాణం పెట్టేది దానికే. కానీ ఇలసకి పులస ధర ఇవ్వడమే నష్టం. జనవరిలో మెనూలో పులస కనిపిస్తే నవ్వుకుని వంజరం అడగడం తెలివైన పని!

పొట్లం విప్పితే...

భోజనమయ్యాక గల్లా పక్కన అద్దాల అరలో తీపి పొట్లాలుంటాయి. వాటికీ ఊళ్లున్నాయి. కొరకగానే గొట్టంలోంచి పాకం జివ్వున వచ్చేది కాకినాడ కాజా. కోటయ్య పేరుతో అది ముడిపడిపోయింది. పొరలు పొరలుగా మడత విడేది తాపేశ్వరం కాజా. ఆ తాపేశ్వరం 2016లో 29,465 కిలోల లడ్డూ చేసి గిన్నిస్ రికార్డు కొట్టింది. పూతరేకులది ఆత్రేయపురం. బోర్లించిన కుండ మీద, కింద మంట పెట్టి, పల్చటి బియ్యప్పిండి నీళ్లలో ముంచిన గుడ్డతో ఒక్క పూత... రెప్పపాటులో రేకు లేస్తుంది. పొగలో గంటల తరబడి కూర్చుని ఆ పని చేసేది ఎక్కువగా ఆడవాళ్లే. 2023లో ఆత్రేయపురం పూతరేకులకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ పేరు పెట్టి ఎవరుపడితే వాళ్లు అమ్ముకోవడానికి చట్టం ఒప్పుకోదు. గుర్తింపు వల్ల వచ్చే లాభంలో వాటా కుండ ముందు కూర్చున్న చేతులదాకా చేరితేనే దానికి సార్థకత.

కూరలకి అలాంటి రక్షణ లేదు. 'గోదావరి' అన్న మాట ఎవరైనా బోర్డు మీద రాసుకోవచ్చు. అందుకే తేల్చుకోవాల్సింది తినేవాళ్లే.

తెలిసి తింటే...

* కాలం చూడండి: పచ్చి పనస ఎండాకాలం ముందు నుంచీ, పులస వానల్లో, తాటిముంజెలు వేసవిలో. అన్నీ అన్ని రోజులూ ఉన్నాయంటే అనుమానించాల్సిందే.

* బిల్లు చదవండి: మామూలు రెస్టారెంట్లలో జీఎస్టీ 5 శాతం. 2017 నవంబరు నుంచి ఇదే లెక్క.

* సర్వీస్ చార్జి మీ ఇష్టం: బిల్లులో దాన్ని తమంతట తాము కలపకూడదని 2022 జులైలో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ చెప్పింది. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు దాన్ని సమర్థించింది. కలిపితే తీసేయమని అడగొచ్చు. వినకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేయొచ్చు.

* లైసెన్సు చూడండి: ఆహార భద్రతా సంస్థ ఇచ్చే 14 అంకెల నంబరు 2022 జనవరి నుంచి బిల్లు మీదా ఉండాలి.

విస్తరి ఖరీదెంత?

గోదావరి భోజనం నడపడం హోటల్ వాళ్లకీ తేలిక కాదు. నగరంలో అద్దె చదరపు అడుగుల లెక్క. కూర్చున్నవాళ్లు ఎంత తొందరగా లేస్తే అంత లాభం. ఇక్కడేమో ఆకు వేసి, ఒక్కొక్కటీ వడ్డించి, మళ్లీ అడిగి, పెరుగు దాకా తీసుకెళ్లాలి. నెయ్యి, నూనె, కూరగాయల ధరలు పెరిగినా అదే భోజనం. కొన్ని హోటళ్లు ఆకు తీసేసి గిన్నెల పళ్లెం పెట్టాయి. కొన్ని అరిటాకు ఆకారంలో కాగితం పరుస్తున్నాయి. ఇంకొన్ని 'అన్‌లిమిటెడ్' అన్న మాట కొట్టేసి, రెండో వడ్డనకి వేరే ధర పెట్టాయి.

వాళ్లదే తప్పనీ అనలేం. వడ్డించిందంతా వదిలేసి లేచే ఆకులు చూస్తే ఏ యజమానికైనా కడుపు తరుక్కుపోతుంది. ముప్ఫై రకాలున్నాయని ముప్ఫయ్యీ వేయించుకుని పదింటిని వేలితో కూడా తాకని వాళ్లు ప్రతి బంతిలోనూ ఉంటారు. అన్నం పారేస్తే కళ్లకద్దుకుని మరీ తిట్టే పెద్దవాళ్లు ఇప్పుడు పక్కన ఉండరు. ఊరిలో ఉంటారు, లేదా బల్లకి ఆ చివర కూర్చుని పిల్లల ముందు నోరు మెదపరు.

ఆ పెద్దవాళ్ల దగ్గరే ఇంకో సంగతీ ఉంది. నగరంలో కొడుకు దగ్గరికో కూతురు దగ్గరికో వచ్చిన అమ్మకి, వంటలో ఆవ ఎంత పడాలో చెప్పడం వచ్చు. అడిగేవాళ్లే లేరు. ఆదివారం ఆవిణ్ని హోటల్‌కి తీసుకెళ్లి, ఆవిడ చేసే కూరే డబ్బిచ్చి తినిపించి, 'నువ్వు చేసినట్టే ఉంది కదూ' అంటారు. ఆవిడ నవ్వి ఊరుకుంటుంది. ఆవిడ చేతి కొలత ఏ మెనూ కార్డు మీదా రాసి ఉండదు. ఆ తరం వెళ్లిపోతే సరిచూసుకోవడానికి అసలు రుచి ఎక్కడా మిగలదు. అప్పుడు జీడిపప్పు వేసిందే పనసపొట్టు కూర, ఏడాదంతా దొరికేదే పులస!

కాబట్టి నాలుగు ఆదివారాల్లో మూడు హోటల్‌కి వెళ్లినా, నాలుగోది వంటింటికి వదలండి. కొట్టిన పొట్టు ఇప్పుడు బజార్లోనూ దొరుకుతోంది. అమ్మ పక్కన కూర్చుని చెబుతుంటే పిల్లలు ఆవ నూరొచ్చు. కూర ఓసారి చేదెక్కితే ఎక్కనివ్వండి. రెండోసారి కుదురుతుంది. వడ్డించేటప్పుడు మాత్రం ఒక్క మాట మరిచిపోకండి... 'ఆయ్, ఇంకాస్త వేయించుకోండి!'